‘దూత’ అన్న మాట వెనుక: హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో పరలోక గణాల భావన

తెలుగు బైబిలు ప్రాచీన అనువాదంలో ఒక వైరుధ్యం కనిపిస్తుంది. 8వ కీర్తన 5వ వచనం మనిషిని దేవునికంటే కొద్దిగా తక్కువవాడని చెబుతుంది. అదే వచనాన్ని ఉదాహరించే హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయంలో దేవుని స్థానంలో దేవదూతలు ఉన్నారు. ఇది అనువాదకుల పొరపాటు కాదు. కీర్తన హీబ్రూ మూలాన్నీ, పత్రిక గ్రీకు మూలాన్నీ అనుసరించాయి. హీబ్రూలోని ‘ఎలోహీమ్’ అన్న పదాన్ని క్రీస్తుపూర్వం యూదులు సిద్ధం చేసిన సెప్టువజింట్ అనువాదం ఇక్కడ ‘దూతలు’ అని గ్రీకులోకి తెచ్చింది. పత్రికాకర్త ఆ పాఠాన్నే స్వీకరించాడు.

ఈ మార్పు స్వేచ్ఛానువాదం కూడా కాదు. ‘ఎలోహీమ్’ ఏకైక దేవునికి మాత్రమే పరిమితమైన పదం కాదు. దివ్యసభలోని పరలోక గణాలకు సైతం వర్తించేది. 82వ కీర్తనలో దేవుడు ‘ఎలోహీమ్’ నడుమ నిలిచి తీర్పు చెబుతాడు. కుమ్రాన్ 11వ గుహలో లభించిన మెల్కీసెదెకు ప్రతి ఆ కీర్తనలోని పదాన్ని మెల్కీసెదెకుకే అన్వయించింది. ఈ పద విస్తృతి తెలిస్తే గ్రీకు అనువాదకుని నిర్ణయం సహజంగా కనిపిస్తుంది.

అసలు సమస్య అంతకన్నా లోతైనది. పత్రిక మొదటి అధ్యాయం ఏడు లేఖన వాక్యాలను వరుసగా పేర్చి, కుమారుడు దూతలకంటే అధికుడని నిరూపిస్తుంది. ఇంత శ్రమ ఎందుకు? ఆ పత్రిక పాఠకులు దూతలను ఆరాధించేవారని కొందరు ఊహించారు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2:18లో దూతారాధన ప్రస్తావన ఉంది కాని, హెబ్రీయుల పత్రికలో అటువంటి మందలింపు ఎక్కడా లేదు.

సమాధానం 2:5లో దొరుకుతుంది. రాబోవు లోకాన్ని దేవుడు దూతలకు లోపరచలేదని అక్కడ రచయిత అంటాడు. ప్రస్తుత లోకం వారి ఆధీనంలో ఉందన్న భావన ముందే లేకపోతే ఈ నిషేధ వాక్యానికి పదును ఉండదు. ఆ భావనకు ఆధారం ద్వితీయోపదేశకాండము 32:8. సంప్రదాయ హీబ్రూ పాఠమూ, దానిని అనుసరించిన తెలుగు బైబిలూ జనముల సరిహద్దులు ఇశ్రాయేలీయుల లెక్క ప్రకారం ఏర్పడ్డాయంటాయి. కుమ్రాన్‌లో దొరికిన ఒక ప్రతిలో మాత్రం ‘దేవుని కుమారుల’ లెక్క ఉంది. సెప్టువజింట్ ప్రతులలో ఎక్కువ భాగం ‘దేవుని దూతలు’ అంటాయి. అంటే ఒక్కొక్క జనానికి ఒక్కొక్క పరలోక అధిపతి. దానియేలు 10వ అధ్యాయంలోని పారసీక, గ్రేకేయుల అధిపతులు ఈ భావనకు కొనసాగింపు. ధర్మశాస్త్రం దూతల ద్వారా అందిందన్న నమ్మకాన్ని గలతీయులకు 3:19, అపొస్తలుల కార్యములు 7:53, హెబ్రీయులకు 2:2 ఉమ్మడిగా చెబుతాయి. దూతలు ఇక్కడ జనములకు పాలకులు, పాత నిబంధనకు మధ్యవర్తులు. వారికంటే అధికుడని నిరూపించడమంటే నిబంధనా పాలనా రెండూ చేతులు మారాయని ప్రకటించడమే.

8వ కీర్తన సరిగ్గా ఈ స్థానంలోనే ప్రవేశిస్తుంది. గ్రీకు పాఠంలోని ‘కొంచెము’ అన్న మాటకు పరిమాణమూ, కాలమూ రెండూ అర్థాలే. పత్రికాకర్త రెండో అర్థానికి మొగ్గుతాడు: యేసు కొంతకాలం దూతలకంటే తగ్గింపబడి, మరణం ద్వారా మహిమ పొందాడు. మనిషి ఔన్నత్యాన్ని కీర్తించిన వాక్యం ఈ విధంగా ఒక అవరోహణ, ఆరోహణ కథగా మారింది. హీబ్రూ పాఠం మాత్రమే ఎదుట ఉంటే, దూతలను మూలబిందువుగా చేసుకున్న ఈ వాదం ఇదే రూపంలో సాధ్యమయ్యేది కాదు.

తెలుగు పాఠకునికి ఈ వాదం పలుచబడటానికి ఒక కారణం ‘దూత’ అన్న పదమే. హీబ్రూ ‘మలాక్’, గ్రీకు ‘ఆంగెలోస్’ పదాలకు వార్తాహరుడనే అర్థం కనుక అనువాదం నిర్దుష్టమే. అయితే సంజయ రాయబారం, హనుమంతుని రామదౌత్యం పరిచయమైన సాహిత్య సంస్కారంలో దూత పలికే మాట పంపినవానిది. దూతకు సొంత ఏలుబడి లేదు. అందువల్ల కుమారుడు దూతకంటే గొప్పవాడనడం ఋజువు అక్కరలేని విషయంగా తోస్తుంది. దిక్పాలకుల భావన ఒక్కో దిక్కును ఒక్కో అధిపతికి అప్పగించడంలో దీనికి కొంత దగ్గరగా ఉంది. ఆ పోలిక నిర్మాణానికి సంబంధించినదే కాని చారిత్రక సంబంధం కాదు.

కాబట్టి తెలుగు బైబిలులోని ఆ రెండు వచనాల మధ్య తేడాను సరిదిద్దవలసిన దోషంగా చూడకూడదు. ‘ఎలోహీమ్’ నుంచి ‘ఆంగెలోయి’ దాకా సాగిన యూదు వ్యాఖ్యాన చరిత్రకు అది తెలుగులో మిగిలిన ఆనవాలు. ఆ తేడాను చెరిపి రెండుచోట్లా ఒకే మాట వాడితే వచనాలకు పొంతన కుదురుతుంది, పత్రిక వాదానికి ఆధారం మాత్రం మరుగునపడుతుంది.