వంధ్య సంకరం: ఒక నిర్వచనంపై విమర్శ

ఎర్నెస్ట్ మేయర్ 1942లో స్థిరపరచిన జీవజాతి నిర్వచనాన్ని మన తరగతిగదుల్లో కంచరగాడిద ఉదాహరణతో ముగించడం పరిపాటి. ఆఫ్రికా మలేరియా దోమల విషయంలో ఆ ఉదాహరణ చాలదు. అనాఫిలిస్ గాంబియే, అరేబియెన్సిస్ జాతులను సంకరపరిస్తే పుట్టే మగదోమలు వంధ్యమైనవి. ఆడదోమలు మాత్రం సంతానాన్ని ఇస్తాయి. హాల్డేన్ 1922లోనే చెప్పిన సూత్రమిది, కొత్తదేమీ కాదు. అయినా ‘సంకరం వంధ్యం’ అన్న ఒక్కమాటలో ఈ రెండో సగం మరుగున పడుతోంది. ఆ ఆడదోమల ద్వారానే జన్యువులు జాతి సరిహద్దు దాటుతాయి.

2013లో వేరు జాతిగా పేరు పొందిన కొలుజ్జీ మరింత చిక్కు. ప్రయోగశాలలో గాంబియేతో దాని సంకరాలు, ఆడవైనా మగవైనా, ఫలవంతాలే. ప్రకృతిలో చాలాచోట్ల అవి అరుదు. అరుదైనా, కీటకనాశక నిరోధకతనిచ్చే కెడిఆర్ ఉత్పరివర్తనం గాంబియే నుండి కొలుజ్జీకి చేరింది. ఒక్క జాతినే లక్ష్యంగా జన్యుచోదక దోమలను రూపొందిస్తున్నవారు ముందుగా లెక్కించవలసింది ఈ అరుదైన కలయికలనే.