రిగ్గర్ల మాసికలు

అమెరికా పారాట్రూపర్లకు 1942లో వచ్చిన యూనిఫాం చూడ్డానికి దర్జాగానే ఉండేది. జేబులకైతే కొదవే లేదు. కానీ మోకాళ్ళు, మోచేతుల దగ్గర గుడ్డ ఇట్టే చిరిగేది. బరువు కూరితే జేబులూ పిగిలేవి.

1944 జూన్‌లో నార్మండీ మీద దూకే ముందు దీన్ని చక్కబెట్టింది రిగ్గర్లు. పారాచూట్లు మడతపెట్టడం, చిరిగితే బాగుచేయడం వాళ్ళ పని. గట్టి కుట్టుమిషన్లు, కాన్వాస్, దారం చేతిలోనే ఉన్నాయి, ఇంకేం కావాలి! మోకాళ్ళకూ మోచేతులకూ కాన్వాస్ మాసికలు వేశారు. జేబులకు బలం పెట్టారు. నిండిన జేబు తొడకు కొట్టుకోకుండా బిగించుకునే పట్టీలు కుట్టారు. గారాండ్ రైఫిల్ క్లిప్పులు, ఒక్కోదానిలో 8 తూటాలు, పట్టే చిన్న సంచులూ తయారుచేసి ఇచ్చారు.

ఇప్పుడు ఆ యుద్ధ ఘట్టాలను వేషాలతో సహా మళ్ళీ ప్రదర్శించే ఔత్సాహికులకు చిక్కంతా ఇక్కడే. ఫ్యాక్టరీ చొక్కాకు ఒక నమూనా ఉంటుంది. రిగ్గర్ సంచికి ఎక్కడిది? దొరికిన గుడ్డను బట్టి, కుట్టిన చేతిని బట్టి ఒక్కోటి ఒక్కో తీరు. పాత ఫొటోలు భూతద్దంతో చూసి, మిగిలిన అసలు చొక్కాల కుట్లు పరిశీలించి తెలుసుకోవాల్సిందే. ఆ ఓపికకు దండం పెట్టాలి.

కొత్తవాళ్ళు మాత్రం మరీ నీటుగా కుడతారు. మాసికలన్నీ అచ్చు గుద్దినట్టుంటే నాకైతే నమ్మబుద్ధి కాదు. రంగు కలిసిపోయినా అంతే. అసలు చొక్కాల మీద లేత ఖాకీ గుడ్డపై ఆ ముదురు ఆకుపచ్చ కాన్వాస్ దూరం నుంచే కనిపిస్తుంది.