ఓపిక ఎప్పుడు పట్టాలి?

ఈ వారం రొంపిచెర్లలో ఓ మందుల షాపు దగ్గర నిలబడి ఉంటే, ఇంటర్ చదివే పిల్ల వచ్చి "అన్నా, మొటిమలకు ట్యూబు ఇవ్వు" అంది. షాపతను చీటీ అడగలేదు, ముఖమైనా చూడలేదు. చేతిలో పెట్టిన ట్యూబు మీద చదివితే, స్టెరాయిడ్. ఒళ్లు మండింది.

ఆ ట్యూబుల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. పూస్తే నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గి ముఖం తేటపడుతుంది. మానితే మొటిమలు ఎగదన్నుకొస్తాయి. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు పైకి తేలి, ఎండలోకి వెళ్తే మండుతుంది. ఇలాంటి చాలా క్రీములను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని కేంద్రం 2018లోనే చెప్పింది.

దీనికన్నా మా నాయనమ్మ వేపాకు ముద్ద నయం. సన్నికల్లు మీద వేపాకు, పసుపుకొమ్ము మెత్తగా నూరి బుగ్గలకు పట్టించేది. తెల్లారేసరికి దిండు గలీబులన్నీ పసుపు మరకలే. "వయసు పొంగు నాయనా, గిల్లొద్దు. పెళ్లినాటికి అవే పోతాయి" అనేది. గిల్లొద్దన్న మాట అక్షరాలా నిజం. వయసు సంగతీ నిజమే. ఆ ఈడులో హార్మోన్ల వల్ల చర్మంలో నూనె ఎక్కువ ఊరుతుంది. వెంట్రుక కుదురు మృతకణాలతో పూడుకుపోతుంది. లోపల నిలిచిన నూనెలో సూక్ష్మజీవులు పెరిగి వాపు, చీము వస్తాయి. ముఖం సరిగా కడుక్కోనందుకు వచ్చేవి కావవి.

అవే పోతాయన్న మాట నమ్మి కూర్చున్నవాడు మా మేనత్త కొడుకు. మొటిమలు పోయాయి, బుగ్గల మీద గుంటలు మిగిలాయి. ఇప్పటికీ ఫొటో తీస్తామంటే పక్కకు జరుగుతాడు. మొదట్లోనే మందు పడితే అందులో చాలావరకు తప్పేది.

కాబట్టి ఓపిక పట్టాల్సింది మందు మొదలుపెట్టాక. బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటివి పూస్తే మొదటి వారాల్లో చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది. చాలామంది అక్కడే మానేస్తారు. గుణం కనిపించాలంటే 8 నుంచి 12 వారాలు పడుతుంది. పెద్ద గడ్డలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలున్నాయి. కడుపులో బిడ్డకు అవయవ లోపాలు తెచ్చే మందు అది, చర్మవైద్యుల కనుసన్నల్లోనే వాడాలి. నెలసరి తప్పుతున్న ఆడపిల్లకైతే అండాశయాల సమస్య పీసీవోడీ ఉందేమో కూడా చూపించాలి.

బిడ్డకు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి బస్సెక్కిస్తాం. బుగ్గ మీద సలిపే గడ్డ లేచినా ఎక్కించండి. సోకుల కోసమా అని ఎవరైనా అడిగితే, జబ్బు కోసమని చెప్పండి.