తోటమాలి కొడుకు గెలిచిన రాజ్యం

జానపద సినిమా అంటే కత్తులూ గుర్రాలూ అనేవాళ్ళతో నాకు ఎప్పుడూ పేచీయే. రాచతోటలో మొక్కలకు నీళ్ళు పోసే కుర్రాడు రాకుమారిని చూసి మనసు పారేసుకుంటాడు. ఆ తెగింపులో ఉంది జానపదం ప్రాణమంతా. అతను రాజ్యం కావాలని బయల్దేరడు. పిల్ల కోసం వెళ్తాడు, రాజ్యం వెంట వస్తుంది.

ఇది మనకు పాత రుచే. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో ఉంది, పేదరాశి పెద్దమ్మ చెప్పే కథల్లోనూ ఉంది. 1947లో చందమామ పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1951లో ‘పాతాళభైరవి’ తీశారంటే ఆశ్చర్యం ఏముంది!

ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. దర్శకుడు కె.వి.రెడ్డిగారి పనితనమంతా కథ అల్లికలోనే ఉంటుంది. కూతురు కావాలంటే తనకు సాటివచ్చే సంపద తెమ్మంటాడు ఉజ్జయిని రాజు. అటు నేపాళ మాంత్రికుడికి బలివ్వడానికి ఒక సాహసి కావాలి. ఒకరి అవసరం ఇంకొకరి ఆశతో ముడిపడింది. ఇక కథను ఎవరూ తొయ్యక్కర్లేదు, అదే పరిగెడుతుంది. కథానాయకుడు తోటరాముడి తల్లిగా వేసిన సురభి కమలాబాయి మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ నటి. ఆవిడ కంగారు చూస్తే, తోటరాముడు ఎంత ఎత్తుకెళ్ళినా ఆ పెంకుటింటి పిల్లాడే అనిపిస్తాడు.

మాంత్రికుడు ఎస్.వి.రంగారావుకి అప్పటికి 33 ఏళ్ళు నిండలేదంటే నమ్ముతారా? ఆ గొంతూ, ఆ కనుబొమలూ! అంతటివాణ్ణి చివరికి పడగొట్టింది కత్తి కాదు. శిష్యుడు సదాజపుడి వేషంలో వెళ్ళిన తోటరాముడి నేస్తం అంజిగాడు, ఈ గడ్డంతో ఉంటే రాకుమారి ఎలా ఇష్టపడుతుందని మెల్లగా ఎక్కిస్తాడు. మహామాంత్రికుడు మురిసిపోయి గడ్డం తీయించుకుంటాడు. శక్తి అంతా ఆ గడ్డంలోనే ఉంది మరి! రచయిత పింగళి నాగేంద్రరావుగారు తప్ప ఇంత పెద్ద గండాన్ని ఇంత చిన్న నవ్వుతో ఎవరు దాటించగలరు?

మాయలు కూడా చేతిపనే. కెమెరా ముందు సగానికి నల్లటి మాస్కు అడ్డంపెట్టి ఒకవైపు తీసేవారు. ఫిలిం వెనక్కి తిప్పి, తీసిన సగాన్ని మూసి, రెండోవైపు తీసేవారు. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా తెరమీద గీత పడుతుంది. నటుడేమో అక్కడ లేని మనిషితో కళ్ళు కలిపి మాట్లాడాలి. కుదిరిందో లేదో ఫిలిం కడిగితేగానీ తెలీదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే చేతిలో ఇదంతా మంచినీళ్ళప్రాయం. తర్వాత 1962లో ‘గులేబకావళి కథ’కి రవికాంత్ నగాయిచ్ చూపిన పనితనమూ తక్కువది కాదు.

విఠలాచార్య అభిమానులు కోప్పడకండి. తక్కువ డబ్బుతో, చకచకా అన్ని లోకాలు చూపించిన జానపదబ్రహ్మకి దణ్ణం పెడతాను. కానీ మాయ వెనక మనిషి కనబడాలంటే నాకు కె.వి.రెడ్డిగారే.

ఇప్పుడొస్తున్నవి చూస్తే కడుపు మండుతుంది. కంప్యూటర్‌లో కోటలు లేస్తాయి, సైన్యాలు పుడతాయి, ఒక్క పాత్రా గుర్తుండదు. అంతకన్నా పెద్ద ద్రోహం ఇంకోటుంది. సామాన్యుడని నమ్మించి, ఆఖర్లో పుట్టుమచ్చో ఉంగరమో చూపించి ‘నువ్వు రాజు బిడ్డవే’ అనేస్తారు. మరి ఇంతసేపూ మనం ఎవరి గెలుపు కోసం ఎదురుచూసినట్టు? నాకెంతో ఇష్టమైన ‘భైరవద్వీపం’లోనూ ఈ ముల్లు గుచ్చుకుంటుంది. 1994లో కె.వి.రెడ్డిగారి శిష్యుడు సింగీతం శ్రీనివాసరావు అంత అందంగా తీసినా, వీరుడు పుట్టుకతో రాచబిడ్డే. తోటమాలి కొడుకు తోటమాలి కొడుకుగానే అంతఃపురంలో అడుగుపెట్టాలి. అప్పుడే మాలాంటి నేలటిక్కెట్టు వాళ్ళ గుండె ఉప్పొంగేది.

2010లో ‘మాయాబజార్’ రంగుల్లో వస్తే జనం మళ్ళీ హాళ్ళకు కదిలారు. జానపద చిత్రాల హక్కులున్న పెద్దలకు నాదొక్కటే విన్నపం. రంగులు వేయకపోయినా పర్వాలేదు. నెగెటివ్‌లు పాడైపోకముందే బాగుచేయించి, ఒక్క వేసవి సెలవుల్లోనైనా పెద్దతెర మీద వేయండి. పిల్లల్ని వెంటబెట్టుకుని మేమొస్తాం.