రాయి వెనక్కొచ్చింది, చోటు రాలేదు

‘బ్యాడ్ లక్, హాట్ రాక్స్’ చదువుతుంటే ముందు నవ్వొస్తుంది. అమెరికాలో అరిజోనా ఎడారిలో ఉన్న పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కుకి వెళ్లి, నడకదారిలో నచ్చిన రాయి ఏరుకుని జేబులో వేసుకుని, ఆ తర్వాతెప్పుడో దాన్ని పోస్టులో తిప్పి పంపినవాళ్ల ఉత్తరాలివి. రయన్ థాంప్సన్, ఫిల్ ఓర్ వాటిని సంకలనం చేసి, తిరిగొచ్చిన రాళ్ల ఫొటోలతో కలిపి 2014లో పుస్తకంగా తెచ్చారు. ఉద్యోగం పోయింది, పెళ్లి పెటాకులైంది, ఒంట్లో బాలేదు, అంతా ఈ రాయి మహిమే, దయచేసి తీసేసుకోండి అని మొత్తుకోళ్లు. ఇంగ్లీషు వాడుకలో ‘హాట్’ అంటే దొంగసొత్తు అని కూడా అర్థం. పేరులో ఉన్న చమత్కారం అదీ.

ఇంతకీ ఏమిటా రాయి? 20 కోట్ల ఏళ్లకు పైబడిన చెట్టు. నదుల్లో కొట్టుకొచ్చి, బురదలో, అగ్నిపర్వతపు బూడిదలో కూరుకుపోయిన మానుల్లోకి నీటితో పాటు సిలికా దిగి, కలప ఉన్నచోట క్వార్ట్జ్ పేరుకుంది. ఇనుము వల్ల ఎరుపు, పసుపు రంగులొచ్చాయి. చూస్తే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. ఆ చేతులకు భయపడే 1906లోనే థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈ ప్రాంతాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. 1962లో అది నేషనల్ పార్కు అయింది. పార్కు బయట ప్రైవేటు భూముల్లో తవ్విన ఇలాంటి రాళ్లనే పక్క ఊళ్ల దుకాణాల్లో చట్టబద్ధంగా అమ్ముతారు. అయినా ఏరుకున్న రాయిలో ఉండే కిక్కు కొన్న రాయిలో ఉండదు కదా.

ఈ ఉత్తరాలను అందరూ పశ్చాత్తాపంగా చదువుతారు. నాకు మాత్రం చాలావాటిలో కనిపించింది పాపభీతి. తెలుగులో ఈ రెండు మాటలూ వేరువేరుగా ఉండటం ఇక్కడ బాగా పనికొస్తుంది. పశ్చాత్తాపం పోయినదాని వైపు చూస్తుంది, పాపభీతి తన వైపే చూసుకుంటుంది. ‘నీ రాయి నువ్వు తీసుకో, నా అదృష్టం నాకిచ్చెయ్’ అనేది క్షమాపణ కాదు, రిఫండ్ అప్లికేషన్. దురదృష్టం ఊసెత్తకుండా, తీయడం తప్పు కాబట్టి పంపుతున్నాం అనే ఉత్తరాలు వీటి మధ్య విడిగా నిలబడతాయి. నవ్వించకపోవచ్చు గానీ, పుస్తకానికి బరువు వాటివల్లే వచ్చింది.

అసలు కథ ఆ పార్సిల్ చేరాక మొదలవుతుంది. పార్కు వాళ్లు ఆ రాయిని తిరిగి ఎడారిలో పెట్టరు, పెట్టలేరు. ఏ పొరలోంచి, ఏ మలుపులోంచి వచ్చిందో తెలియని రాయిని ఎక్కడో ఒకచోట పెడితే, రేపు అక్కడ పరిశోధన చేసేవాళ్లకు అది తప్పుడు సాక్ష్యం అవుతుంది. అందుకే ఓ పక్కదారి అంచున గుట్టగా పోస్తారు. దాన్ని ‘కాన్షన్స్ పైల్’ అంటారు, అంటే అంతరాత్మల గుట్ట. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డేటా వెనక్కొచ్చింది, మెటాడేటా పోయింది. రాయికి శాస్త్రం ఇచ్చే విలువలో పెద్ద భాగం అది పడి ఉన్న చోటులోనే ఉంది.

ఈ పుస్తకంతో నా పేచీ కూడా ఇక్కడే. పేరులోనే దురదృష్టాన్ని ముందు పెట్టి, పాఠకుణ్ణి శాపం కథ వైపు తోస్తుంది. అది సరదా కథే గానీ చిన్న కథ. పెద్ద కథ ఆ గుట్టది. సరిదిద్దడానికి వీల్లేని తప్పుని, వీలుందనుకుని సరిదిద్దబోయే మనుషులది.

ఇదే పార్కులో రాబర్ట్ చాల్దీని బృందం చేసిన ప్రయోగాన్ని ఈ పుస్తకం పక్కన పెట్టి చదవాలి. ముందే గుర్తులు వేసిన ముక్కల్ని దారిలో ఉంచి, బోర్డులు మార్చి చూశారు. చాలామంది రాళ్లు తీసుకుపోయి అడవిని పాడు చేశారని రాసిన బోర్డు దగ్గర 7.92 శాతం ముక్కలు మాయమయ్యాయి. దయచేసి తీయకండి అని మాత్రమే రాసినచోట 1.67 శాతం. ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. అందరూ చేస్తున్నారని మొత్తుకుంటే, మనమూ చేయొచ్చని వినిపిస్తుందన్నమాట. అంటే చెయ్యి చాపడంలో శాపం కన్నా, నీతి కన్నా, పక్కవాడి ప్రమేయమే ఎక్కువేమో. ఒక్కో ఉత్తరం ‘నేను చేశాను’ అని ఒంటరిగా మాట్లాడుతుంటే, ఈ లెక్క వాళ్లందర్నీ ఒకే వరసలో నిలబెడుతుంది.

ఎడారికి వెళ్లనివాళ్లకీ ఇందులో పనుంది. కవి పేరు తీసేసి వాట్సాప్‌లో తిరిగే కవిత, పాడినామె పేరూ ఊరూ రాసుకోకుండా రికార్డు చేసిన పల్లెపాట కూడా ఆ గుట్టలోవే. తర్వాతెప్పుడో గౌరవంగా అచ్చువేసినా, ఎక్కడివో చెప్పలేం. పుస్తకం కొనండి, నవ్వుకోండి. ఆ గుట్ట ఫొటో దగ్గర మాత్రం కాసేపు ఆగండి.