డాడీ పిగ్ చొక్కా, మా డాబా మీద బట్టలు

పెప్పా పిగ్ కార్టూన్‌లో బట్టలుతికే కథ ఒకటుంది. డాడీ పిగ్ ఫుట్‌బాల్ ఆటకు వేసుకెళ్ళే తెల్ల చొక్కా మీద బురద పడుతుంది. ఉతకడానికి మిషన్లో వేస్తే, పెప్పా ఎర్ర గౌను కూడా అందులోకి చేరుతుంది. చొక్కా గులాబి రంగు తేలి బయటికొస్తుంది. అంతే, ఐదు నిమిషాల కథ. సాయంత్రం మా ఇంటికొచ్చే పిల్లలు పడీ పడీ నవ్వి మళ్ళీ పెట్టమంటారు. మళ్ళీ చూసేటప్పుడు 'మడ్డీ', 'వాష్', 'డ్రై' అని పెప్పా కంటే ముందే అందుకుంటారు. నేను అర్థాలు చెప్పను. చొక్కా వాళ్ళ కళ్ళముందే మాసింది, కళ్ళముందే ఉతికారు, ఇంకా చెప్పడానికేముంది?

మా భిలాయ్ స్మృతి నగర్ తెలుగు పిల్లలకి భాషలకేం కరువు లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పనమ్మాయితో ఛత్తీస్‌గఢీ, బడిలో ఇంగ్లీషు. వీళ్ళలో చాలామంది తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చినవాళ్ళే. చిక్కల్లా బడి ఇంగ్లీషుతోనే. 'ఫోటోసింథసిస్' స్పెల్లింగు తడుముకోకుండా రాసే పిల్ల, గ్లాసు తగిలి నీళ్ళు ఒలికితే ఆ సంగతి ఇంగ్లీషులో చెప్పలేక హిందీలోకి దూకుతుంది. తప్పు పిల్లది కాదు. క్లాసు గదిలో వంటిల్లుండదు, దండెం ఉండదు, ఒలకడానికి నీళ్ళూ ఉండవు.

పని చూస్తూ మాట పట్టుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. 1955లో కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందమైంది, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. రష్యన్ నిపుణుల పక్కన నిలబడి పని నేర్చుకున్న తరం మా మామగారిది. ఆయన రష్యన్ వ్యాకరణం మొహం ఎరగరు. 'హరషో' అంటే బాగుందని, 'దవాయ్' అంటే ఇక కానిమ్మని చివరిదాకా గుర్తుంచుకున్నారు. మా అత్తగారి మీద కూడా ప్రయోగించేవారు.

అమెరికాలో జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వవేత్త 1960లలో ఇదే సంగతిని పద్ధతిగా మలిచాడు. గురువు ఆజ్ఞ ఇస్తాడు, శిష్యుడు లేచి ఆ పని చేస్తాడు, మాట్లాడమని తొందరపెట్టరు. ఇంటిపనుల కార్టూన్లు అందులో సగం పని చేసిపెడతాయి. మిగతా సగం మన చేతుల్లో ఉంది. ఎందుకంటే, ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న తొమ్మిది నెలల పసివాళ్ళు, మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే చైనా భాష ధ్వనులు పట్టుకున్నారు. అదే టీవీలో చూపిస్తే పట్టుకోలేదు. పసివాళ్ళ సంగతిని బడిపిల్లలకి యథాతథంగా అంటగట్టలేం కానీ, టీవీ ముందు కూర్చోబెట్టి మనం ఫోను చూసుకుంటే సరిపోదన్న అనుమానం నాకు అక్కడే గట్టిపడింది.

అందుకని కథ ఆపేస్తాను. డాబా మీదికి వెళ్తాం. ఎండాకాలం భిలాయ్‌లో బట్టలు ఆరేసి దిగేలోపే ఎండిపోతాయి. ఒకరు దండెం మీంచి తీయాలి, ఒకరు మడత పెట్టాలి, ఒకరు బీరువాలో సర్దాలి. చేసే పనిని చేస్తూనే ఇంగ్లీషులో చెప్పాలి. కూలర్లో నీళ్ళు పోయడం, గంజి వార్చడం, ముగ్గేయడం పెప్పా ఇంట్లో కనబడవు. వాటికి వాక్యాలు పిల్లలే అల్లుకుంటారు. కొన్ని వంకరగానే ఉంటాయి. ఉండనీ.

చీపురు బొమ్మ, బకెట్ బొమ్మ చూపించి పేర్లు వల్లె వేయించే పాటల వీడియోలు నాకు గిట్టవు. పని చెడాలి, అప్పుడే కథ. డాడీ పిగ్ గోడకి పటం తగిలించబోయి, మేకు కొట్టి, గోడకే కన్నం పెడతాడు. 'నెయిల్', 'క్రాక్', 'హోల్' ఆ ఒక్క అవకతవకతో వచ్చేశాయి. జాబితా పెట్టి చెప్పుంటే ఆదివారానికి మరిచిపోయేవాళ్ళు.

కాస్త పెద్దపిల్లలకి బ్లూయీ అనే కుక్కల కార్టూన్ పెడతాను. 2018లో ఆస్ట్రేలియాలో మొదలైంది, ఏడు నిమిషాల కథలు. మాట వేగం ఎక్కువ, యాస వేరు, మొదట్లో సగం అందదు. కానీ అందులో నాన్న కుక్క ఇంటిపనులు చేస్తాడు, పిల్లల్ని ఆడిస్తాడు. అది చూసి ఒకడు అడిగాడు: "మామ్మగారూ, వాళ్ళ నాన్నకి డ్యూటీ లేదా?"

ఉక్కు ఊరి పిల్లాడు మరి, వాడి లెక్కలో నాన్నంటే ఫస్ట్ షిఫ్టో, నైట్ షిఫ్టో. డ్యూటీ ఉన్నా చేస్తాడురా అన్నాను. పోయిన ఆదివారం వాడు వీక్లీ ఆఫ్‌లో ఉన్న నాన్న చేతికి మాప్ ఇచ్చి, గది తుడిపించి, వెనకాలే నడుస్తూ 'యూ మిస్డ్ ఎ స్పాట్' అన్నాడట. వాళ్ళమ్మ ఆ ముక్క నాకు చెప్పడానికి పొయ్యి మీద కూర వదిలేసి వచ్చింది.