చేపలకు ముందు నీళ్లు

కొత్త అక్వేరియం పెట్టేవాళ్ల పనితనం చూడాలంటే అందులో చేపలు పడకముందే వెళ్లి చూడాలి. చేపలు వచ్చాక కళ్లన్నీ వాటి వెంటే పోతాయి. అసలు పని అంతకుముందే, ఎవరూ పట్టించుకోని వారాల్లో, ఉత్త నీళ్లలో జరిగిపోతుంది. హైదరాబాద్ కొత్తగూడలో, బొటానికల్ గార్డెన్‌కు దగ్గరి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండే స్నేహితురాలి ఇంట్లో ఆ పనిని మొదటినుంచీ చూసే వీలు నాకు దొరికింది. చేసినాయనది భీమవరం వైపు. రొయ్యల చెరువుల మీద చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు ఈ ఐటీ పేటల్లో ఇళ్లకూ ఆఫీసులకూ ఫిష్ ట్యాంకులు పెడుతున్నారు. ఇంత ఓపికైన పని చూసి చాలా కాలమైంది.

మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టె. గులకరాళ్లూ పైన వదిలిన ఖాళీ పోగా 110 లీటర్ల నీళ్లు పడతాయి. స్టాండు మీద రసమట్టం పెట్టి చూసి, థర్మోకోల్ షీటు పరిచి తొట్టె ఎక్కించడం ఎవరైనా చేసేదే. తర్వాత ఆయన నీళ్లు నింపలేదు. కిందికి వెళ్లి సంపు మూత తీయించారు.

కొత్తగూడ అపార్ట్‌మెంట్లలో కుళాయి నీళ్లంటే ఒకే నీళ్లు కావు. నగరానికి మంజీరా, సింగూరుల నుంచి వచ్చేవి, 2015 చివర్లో ఎల్లంపల్లి నుంచి మొదలైన గోదావరివి, గ్రానైటు రాయిలో లోతుగా దించిన బోరువి, వేసవిలో ట్యాంకరు తెచ్చేవి అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. ఏ రోజు ఏది ఎంత కలిసిందో పై అంతస్తులో ఎవరికీ తెలియదు. జలమండలి ఇచ్చే నది నీళ్లు ఎక్కువున్న రోజు, కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు మూడు వందల లోపు ఆగింది, బోరు వంతు పెరిగిన రోజు ఏడు వందలు దాటింది. మనం తాగేది ఆర్వో నీళ్లు కాబట్టి ఈ తేడా మనకు అంటదు. చేప మాత్రం రాత్రింబవళ్లు ఆ నీళ్లలోనే ఉంటుంది. అందుకే ఆయన వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో సంపు నీళ్లు పట్టి టీడీఎస్, పీహెచ్, క్షారత రాసుకున్నారు. అవన్నీ చూశాక గానీ ఏ చేపలన్న మాట ఎత్తలేదు. చాలా ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. ముందు దుకాణంలో చేప నచ్చుతుంది, తర్వాత దాన్ని ఏ నీళ్లలోనో పడేస్తారు.

సంపు లెక్కల్లో తేలింది గట్టి నీళ్లు, పీహెచ్ ఎనిమిదికి అటూ ఇటూ. కొత్త తొట్టెకు ఇది చిన్న విషయం కాదు. చేప మొప్పల నుంచీ, మిగిలిపోయిన మేత కుళ్లడం నుంచీ వచ్చే అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయని అమ్మోనియం, రెండోది మొప్పలను కాల్చే అమ్మోనియా. పాతిక డిగ్రీల వేడిలో పీహెచ్ ఏడైతే ఆ విషపు వంతు అర శాతం చిల్లర. పీహెచ్ ఎనిమిదైతే ఐదు శాతం దాటుతుంది. పీహెచ్ ఏడున్న నీళ్లలో చేప తట్టుకునే అమ్మోనియా ఇక్కడి సంపు నీళ్లలో దాదాపు పదింతల విషం. పీహెచ్ తగ్గించే మందు పోయమని ఎవరైనా చెబుతారు. ఆయన పోయలేదు. ఆ మందు నీటి క్షారతను తగ్గించేస్తుంది, అమ్మోనియాను తినే బ్యాక్టీరియాకు ఆ క్షారతే కావాలి. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి అవి ఏడు మిల్లీగ్రాముల పైచిలుకు క్షారతను వాడేసుకుంటాయి. మెత్తటి నీళ్లలో అది అయిపోయి పని మధ్యలో ఆగుతుంది, గట్టి నీళ్లలో ఆగదు.

నీళ్లు పోసిన రోజు క్లోరిన్ తీయడంతో పని మొదలైంది. తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారతీయ ప్రమాణం. మనల్ని కాపాడే ఆ కాస్తా చేప మొప్పలకూ, పెంచుకోవాల్సిన బ్యాక్టీరియాకూ చేటు. దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే చుక్కల మందు చాలావరకు సోడియం థయోసల్ఫేట్, ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో హైపో అన్నది అదే. తర్వాత అమ్మోనియం క్లోరైడు, అంటే కళాయి వేసేవాళ్లు వాడే నవాసారం. ఆయన తెచ్చింది ల్యాబుల్లో వాడే శుద్ధమైన రకం. ఆ నీళ్లకు లీటరుకు రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా రావాలంటే 0.7 గ్రాము చాలు, పావు చెంచా కూడా కాదు. దాన్ని చిన్న త్రాసులో తూచి వేశారు. చేపలు లేకుండానే, చేపలు చేసే మురికిని కొలిచి పెట్టడమన్నమాట. చివరగా, ఆరోగ్యంగా నడుస్తున్న తన పాత తొట్టెలోని స్పాంజిని తడి ఆరకుండా తెచ్చి ఫిల్టర్‌లో ఇరికించారు. బ్యాక్టీరియా విత్తనం అందులోనే ఉంది.

ఇక ఎదురుచూపు. ఈ-కోలి బ్యాక్టీరియా అనువైన చోట ఇరవై నిమిషాల్లో రెట్టింపు అవుతాయి. అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియాకు అది కొన్ని గంటల నుంచి ఒక రోజు పట్టే పని. తొందరపెట్టి ప్రయోజనం లేదు. మొదట అమ్మోనియా తగ్గుతుంది, దాని స్థానంలో నైట్రైట్ పైకి లేస్తుంది. నైట్రైట్ చేప రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పనికిరాకుండా చేసి గోధుమ రంగుకు తిప్పుతుంది. నీటిలో గాలి ఉన్నా చేపకు ఊపిరాడదు. తర్వాత మరో జాతి బ్యాక్టీరియా పెరిగి నైట్రైట్‌ను అంతగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇందుకు మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. ఆయన ప్రతిసారీ పరీక్ష గొట్టాన్ని బాల్కనీలోకి తెచ్చి పగటి వెలుతురులో రంగు చూసేవారు. హాల్లోని పసుపు దీపం కింద అమ్మోనియా ఉన్న ఆకుపచ్చకూ లేని పసుపుకూ తేడా తెలియదని ఆయన మాట.

"అన్నా, నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా, చేపలెప్పుడు వేస్తారు?" అని స్నేహితురాలు అడిగింది.

"నీళ్లింకా తయారవ్వలేదమ్మా. నైట్రైట్ దిగనివ్వండి, వేద్దాం."

ఈ శాస్త్రం వెనక ఒక తండ్రీ కొడుకుల కథ ఉంది. అక్వేరియం పెట్టే ప్రతివాళ్లూ తెలుసుకోదగ్గది. 1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ గాజు తొట్టెలో గోల్డ్ ఫిష్, వాలిస్నేరియా మొక్కలు, నత్తలు పెట్టి, నీళ్లు మార్చకుండా అవి బతికేలా నిలబెట్టి చూపాడు. మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి, నత్తలు కుళ్లిన ఆకు తింటాయి అన్నది ఆయన వివరణ. అందులో నిజం ఉంది, సగమే ఉంది. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోసింగ్, మ్యుంట్జ్ అనే శాస్త్రవేత్తలు మురుగునీటిని ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టం గుండా పంపారు. మొదట్లో ఏ మార్పూ లేదు. ఇరవై రోజుల తర్వాత అమ్మోనియా నైట్రేట్‌గా మారడం మొదలైంది, క్లోరోఫాం ఆవిరి తగలగానే ఆగిపోయింది. ఆ పని చేసేవి ప్రాణులేనని అలా రుజువైంది. ఆ ఇరవై రోజుల ఎదురుచూపు మన కొత్త తొట్టెదే. ఇది ఒకటి కాదు, రెండు వేర్వేరు జీవులు చేసే రెండు దశల పని అని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో తేల్చినవారిలో ముఖ్యుడు రాబర్ట్ వారింగ్టన్. పేరు అదే, మనిషి వేరు, ఆయన కొడుకు. తండ్రి తొట్టె ఎందుకు నిలిచిందో చెప్పగల విద్య కొడుకు చేతికి వచ్చింది. ఆ బ్యాక్టీరియాను విడదీసి పెంచినవాడు సూక్ష్మజీవ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ, 1890 ప్రాంతంలో.

వేసిన రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా ఒక్క రోజులో, నైట్రైట్ కూడా మిగలకుండా, మాయమైనప్పుడు ఆయన సరేనన్నారు. నీళ్లు చాలావరకు మార్చి నైట్రేట్ దించాకే చేపలు.

ఎంపికలోనూ నీళ్లదే మాట. గట్టి నీళ్లకు అలవాటైన గప్పీలు, ప్లాటీలు, మోలీలు సరే. డిస్కస్, కార్డినల్ టెట్రా వద్దు, అవి అమెజాన్ మెత్తటి నీళ్లవి. గప్పీల్లో మగవే. ఒక్కసారి జతకట్టిన ఆడ గప్పీ ఆ బీజాన్ని దాచుకుని నెలల తరబడి ఈనుతుంది, ఆ పిల్లలన్నీ ఫిల్టర్ మీద భారమే. మొదట ఆరు చేపలు, రెండు వారాలు ఆగి మరి కొన్ని. బ్యాక్టీరియా సంఖ్య దొరికే మేతకు తగ్గట్టే ఉంటుంది, చేపలు పెరిగాక అది పెరగడానికి వ్యవధి కావాలి.

నాకు అన్నింటికంటే గొప్పగా తోచింది చేపలు తెచ్చిన తీరు. గోదావరి జిల్లాల్లో రొయ్య సీడ్ కొనే రైతు తన చెరువు ఉప్పు శాతం ముందే హేచరీకి చెబుతాడు. హేచరీ నీళ్లను ఆ శాతానికి మెల్లగా దించాకే పిల్లను సంచుల్లో కడతారు. అలవాటు చేయడం బయలుదేరే చోట జరుగుతుంది, గట్టు మీద హడావుడిగా కాదు. ఆయన దుకాణంతో అదే ఏర్పాటు చేసుకున్నారు. మన సంపు నీళ్ల లెక్క ఇచ్చి, చేపలను కొన్ని రోజులు అలాంటి నీళ్లలోనే ఉంచమన్నారు. సంచిని తొట్టెలో తేల్చింది వేడి సమం కావడానికి మాత్రమే. తర్వాత వలతో చేపలను తీసి వదిలారు, సంచి నీళ్లు బకెట్లోకి పోయాయి. దూరం వచ్చిన సంచిలో చేపల ఊపిరి వల్ల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది, అందువల్ల పోగైన అమ్మోనియా హాని చేయని రూపంలోనే ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. మూతి విప్పిన సంచిలో గంటసేపు చుక్క చుక్క నీళ్లు కలుపుతూ కూర్చోవడం మేలు కంటే కీడు ఎందుకో అప్పుడు అర్థమైంది.

వేసవికి ఏర్పాటు విడిగా ఉంది. అందరూ ఆఫీసుకు వెళ్లి ఇల్లు మూసేస్తే తొట్టె నీళ్లు 32 డిగ్రీలకు చేరతాయి. పాతిక డిగ్రీల్లో లీటరుకు 8.2 మిల్లీగ్రాములు పట్టే ఆక్సిజన్ అక్కడ 7.3కి దిగుతుంది. మూత తీసి నీటి మీదుగా చిన్న ఫ్యాను పెడితే ఆవిరి వేడిని లాక్కెళుతుంది. అలా తగ్గిన నీళ్లకు బదులు ఆర్వో నీళ్లే పోయమన్నారు. ఆవిరైంది నీరు మాత్రమే, లవణాలు తొట్టెలోనే ఉన్నాయి, సంపు నీళ్లు పోస్తే అవి పేరుకుంటాయి. కరెంటు పోయినప్పుడు గాలి ఆగకుండా బ్యాటరీ పంపు. స్పాంజి కడగాల్సి వస్తే కుళాయి కింద కాదు, తొట్టెలోంచి తోడిన నీళ్లలోనే.

ఒక్క కోరికకు మాత్రం ఆయన కాదన్నారు. నాచు తింటుందని సక్కర్ ఫిష్ వేయమని స్నేహితురాలు అడిగింది. దుకాణంలో అంగుళమున్న ఆ చేప అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు జనం దాన్ని చెరువులో వదిలేస్తారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ జాతి మన చెరువుల్లో పడి మత్స్యకారుల వలలు చింపుతోంది. నీటిలో కలిసిన డీఎన్‌ఏ ఆనవాళ్లతో తూర్పు కనుమల జలాశయాల్లో దాని జాడ తీసినవాళ్లు ఈ నగరంలోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలే. అద్దె ఇళ్లు తరచూ మారే పేట ఇది. అందుకే ఆయన మొదటి రోజే ఒక మాట తీసుకున్నారు: ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చేపలు దుర్గం చెరువులోకి వెళ్లకూడదు, తనకు ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళతారు.